గుమ్మటంలో సన్నచుక్కలు

తమ్ముడూ,

అక్క దీవెనలు. ఇక్కడ నేనూ మీ బావా క్షేమం. అక్కడ నువ్వూ, నీకు ప్రాణంతో సమానమైన ఆ లారీ కూడా క్షేమమేనని తలుస్తున్నాను. క్షేమం అన్న మాట రాశాక కలం కాసేపు ఆగింది. ఎందుకు ఆగిందో ఈ ఉత్తరంలోనే చెబుతాను, కానీ నన్ను వరసలో చెప్పనీ. చిన్నప్పటినుంచీ నువ్వు కథ మధ్యలో చివరి పేజీ తిప్పి చూసే రకం. ఈసారికి ఆ పని చేయకు.

నీ ఉత్తరం మంగళవారం అందింది. కవరు మీద నీ బొటనవేలి గ్రీజు మరక అచ్చు గుద్దినట్టు పడి ఉంది. పోస్టు తెచ్చినావిడ "మీ తమ్ముడి సంతకం బయటే ఉందండీ" అని నవ్వింది. ఫోన్ ఉండగా ఉత్తరాలేమిటని అందరూ అడుగుతారు. నీ ఫోన్ సగం రోజులు కొండదారుల్లో మూగబోయి ఉంటుంది. అదీగాక ఫోన్‌లో నీ గొంతు వింటే నేను చెప్పదలుచుకున్నది చెప్పలేను. "ఆఁ, అంతా బాగానే ఉంది, తిన్నావా" అని పెట్టేస్తాను. కాగితం మీదైతే నువ్వు మధ్యలో అడ్డం రావు.

బావ మోకాలి సంగతి అడిగావు. రొట్టెల పొయ్యి ముందు నిలబడే పని కదా, తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొరాయిస్తోంది. ఎత్తైన స్టూలు వేసుకుని కూర్చుని పిండి పిసకమని డాక్టరు చెప్పారు. "కూర్చుంటే పిండి నన్ను లెక్కచేయదు" అంటారు ఈయన. పోనీ కదా అని స్టూలు కొని బేకరీకి పంపాను. ఇప్పుడు దాని మీద గిన్నెలు కూర్చుంటున్నాయి, ఈయన నిలబడుతున్నారు. నీ చెప్పులో నిద్రపోయిన పిల్లి ఎలా ఉందనీ అడిగావు. అది మనింటి పిల్లి కాదని ఎన్నిసార్లు చెప్పినా నువ్వు వినవు. అదీ వినదు.

ఇక నీ మూడో ప్రశ్న. "ఇంతకీ అక్కా, ఆ కంప్యూటర్‌ని అప్‌గ్రేడ్ చేశావా, ఇంకా నానుస్తున్నావా? నన్నడిగితే నడిచే ఇంజన్ని విప్పకు. కొత్త సామాను వచ్చిందని కంపెనీవాడు చెబితే ముందు వేరేవాడి బండికి వేయించుకోనీ, ఆర్నెల్లు చూసి మనం వేయించుకుందాం" అని రాశావు. నీ మాట చదివి ఎంత హాయిగా అనిపించిందో. నాక్కావలసిన జవాబు అదే మరి. కానీ నీ ఉత్తరం వచ్చేసరికే ఆ పని అయిపోయింది. ఎలా అయిందో చెబుతాను.

మా నక్షత్రశాల నువ్వొక్కసారే చూశావు, అదీ నిద్రలో. వెనక్కి వాలే కుర్చీ దొరకగానే నువ్వు పెట్టిన గురక గుమ్మటమంతా తిరిగి, ముందు వరసలో ఒకాయన అది అంతరిక్షంలో చప్పుడేమో అనుకున్నాడు. కాబట్టి ఇప్పుడైనా కళ్ళు తెరిచి చూడు. గుండ్రటి గది. పైన బోర్లించిన గిన్నెలాంటి తెల్లని కప్పు, గుడ్డుపెంకు లోపలివైపులా నునుపుగా, నీడ లేకుండా ఉంటుంది. దాని అంచు వెంబడి ప్రొజెక్టర్లు. ఆఖరి వరస వెనక నా బల్ల. బల్ల మీద మైకు, చిన్న ఎర్రదీపం, ఒక కంప్యూటర్. ఆ కంప్యూటరే మా సూర్యుడూ చంద్రుడూ. మిట్టమధ్యాహ్నం రాత్రి చేయడం నా ఉద్యోగం. బయట ఎండ రోడ్డు మీద పరుచుకుని ఉంటుంది. లోపల నేను నెమ్మదిగా సాయంత్రాన్ని దించుతాను. కప్పు ముందు పసుపవుతుంది, తర్వాత ఊదా, ఆ తర్వాత పేరులేని ఒక రంగు. మాట్లాడుతున్నవాళ్ళు ఎవరూ చెప్పకుండానే గొంతు తగ్గిస్తారు. మొదటి చుక్క పొడవగానే ఎక్కడో ఒకరు ఊపిరి పీల్చుకుంటారు. ఇన్నేళ్ళలో ఒక్క ఆటలో కూడా ఆ ఊపిరి నేను వినకుండా లేను. ఆట అయ్యాక తలుపు తీస్తే వెలుగు మీద పడుతుంది, జనం కలలోంచి లేచినవాళ్ళలా తడబడుతూ, చెప్పులు వెతుక్కుంటున్నట్టు కాళ్ళవంక చూసుకుంటూ పోతారు.

ఆ కంప్యూటర్ తెరమీద చలికాలం మొదలైనప్పటినుంచీ ప్రతి ఉదయం ఒక చిన్న కిటికీ తెరుచుకునేది. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ సిద్ధంగా ఉంది, ఇప్పుడే మారుస్తారా అని. కింద రెండు బటన్లు. ఒకటి 'ఇప్పుడే', రెండోది 'తర్వాత గుర్తుచేయి'. నేను రోజూ రెండోది నొక్కి, కాఫీ కలుపుకోవడానికి వెళ్ళిపోయేదాన్ని. అది పాపం ఎంత మర్యాదగలదంటే మర్నాడు మళ్ళీ అదే గొంతుతో అడిగేది.

మా భవనంలో యంత్రాలన్నీ చూసుకునే అమ్మాయిని ప్లగ్గమ్మ అంటారు. ఏ గదిలోంచి ఏది పాడైందని ఫోనొచ్చినా ముందు "ప్లగ్గు పెట్టారా?" అని అడుగుతుంది. సగం సమస్యలు ఆ ప్రశ్నతోనే తీరిపోతాయి. ఒకరోజు ఆమె నా బల్ల అంచున కూర్చుని విషయం విడమరిచి చెప్పింది.

"మేడమ్, ఈ పాత సిస్టమ్‌కి ఈ నెలాఖరుతో కంపెనీ సాయం ఆపేస్తుంది. ఆ తర్వాత ఏ వైరస్ వచ్చినా దిక్కుండదు. కాపలా లేని మెషీన్‌ని నెట్‌వర్క్ మీద ఉంచం అని ఆఫీసువాళ్ళు గట్టిగా చెప్పేశారు. మీ మెషీన్, కింద టికెట్ల మెషీన్, రెండూ ఒకే తీగ మీదున్నాయి."

"తీగ పీకెయ్. చుక్కలకి ఇంటర్నెట్ ఎందుకు?"

"పీకితే మీ బుకింగులు రావు, ప్రొజెక్టర్లకి రిపేర్లు రావు. అసలు మీకు భయమేంటి చెప్పండి."

"చుక్కల ప్రోగ్రామ్ కొత్తదాంట్లో నడవదన్నావుగా."

"పాత ప్రోగ్రామ్ నడవదు. దానికీ కొత్త వెర్షన్ ఉంది, అది వేస్తాను. పాతదాన్ని మొత్తం ఇంకో డిస్కులోకి కాపీ తీసి పెడతా. నచ్చకపోతే చెప్పండి, సాయంత్రానికల్లా వెనక్కి వెళ్ళిపోదాం. కొన్నాళ్ళు ఎలాగోలా నెట్టుకొద్దాం."

"మరి నా సెట్టింగులు?"

"అవి రావు మేడమ్. మళ్ళీ మొదట్నుంచి పెట్టుకోవాలి."

అసలు భయం ఆ మాట దగ్గరే, తమ్ముడూ. పైకి మాత్రం బడిపిల్లలకి వేసే ఆటలు మొదలయ్యే కాలమనీ, ఇప్పుడు చెయ్యి పెడితే మధ్యలో ఆకాశం ఆగిపోతుందనీ ఏవేవో చెప్పాను. అవన్నీ నిజాలే. నిజం కాని కారణం ఒక్కటీ చెప్పలేదు. చెప్పనిది మాత్రం ఒకటుంది.

చివరికి మా డైరెక్టర్‌గారు నన్ను గదిలోకి పిలిచి, "గుమ్మటం మీది, నిర్ణయం మీదే. కానీ నెలాఖరు మాత్రం నా చేతిలో లేదు" అన్నారు. మంచి మనిషి కోప్పడకుండా మాట్లాడితే తప్పించుకోవడానికి సందు దొరకదు. సోమవారం మాకు సెలవు. ఆ రోజు పొద్దున్నే చేద్దామని ప్లగ్గమ్మతో చెప్పేశాను.

సోమవారం ఆ గది ఎలా ఉంటుందో నీకు చెప్పాలి. జనం లేని కుర్చీలన్నీ పైకి చూస్తూ పడుకుని ఉంటాయి. దీపాలన్నీ వేస్తే కప్పు మామూలు సున్నం గోడలా బోసిగా కనిపిస్తుంది. ప్లగ్గమ్మ పాతదాన్ని కాపీ తీసింది. కొత్తది ఎక్కడం మొదలైంది. తెరమీద ఒక నీలిగీత కుడివైపుకి పాకుతూ, ఆగుతూ, మళ్ళీ పాకుతూ పోయింది. మేమిద్దరం ముందు వరసలో కాళ్ళు చాపుకుని, ఈయన పంపిన రొట్టె తుంచుకుంటూ కూర్చున్నాం. ఆ అమ్మాయి తను కట్టబోయే ఇంటి గురించీ, ఆ ఇంట్లో ఒక గదికి కిటికీ ఎటు పెట్టాలనేదాని గురించీ చెబుతోంది. నేను ఊఁ కొడుతూ ఆ నీలిగీత ఎప్పటికీ చివరికి చేరకపోతే బాగుండు అనుకుంటున్నాను.

చేరింది. కంప్యూటర్ ఒకసారి ఆరి వెలిగింది. ప్లగ్గమ్మ కొత్త ప్రోగ్రామ్ తెరిచి, "దీపాలు ఆర్పండి మేడమ్, చూద్దాం" అంది. ఆర్పాను. ఎప్పటిలాగే సాయంత్రాన్ని దించాను. పసుపు, ఊదా, ఆ పేరులేని రంగు, చీకటి.

"అమ్మో!" అంది ప్లగ్గమ్మ.

చీకట్లో ఆమె కుర్చీ వెనక్కి వాలిన చప్పుడు వినిపించింది. "ఎన్ని ఉన్నాయి మేడమ్! ఇసక చల్లినట్టు. సన్నగా, అబ్బ, ఎంత సన్నగా! పాలపుంత చూడండి, నిజంగా పాలు ఒలికినట్టే ఉంది. పాతదాంట్లో ఇది అసలిట్లా లేదు. ఎందుకండీ ఇన్నాళ్ళు ఆపారు?"

నేను తల ఎత్తి చూస్తూనే ఉన్నాను. నాకు అక్కడొకటి, ఇక్కడొకటి, పేరున్న పెద్ద చుక్కలు నాలుగో అయిదో కనిపించాయి. మిగతాదంతా నల్లటి గుడ్డ. ఆమె చూపించే పాలపుంత ఉన్నచోట నాకు ఏమీ లేదు. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాను. కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకున్నాను. ఆమె ముగ్గుల్లా చుక్కలు కలుపుకుంటూ, 'నా వేలు వెంట చూడండి' అని ఏదేదో చెబుతోంది. ఆ వేలు కూడా నాకు కనిపించడం లేదు.

"వెనక్కి మార్చెయ్" అన్నాను.

"ఏంటండీ?"

"బాగాలేదు. పాతదే పెట్టెయ్. కాపీ ఉందన్నావుగా."

ఆమె లేచి దీపం వేసింది. నా ముఖం చూసింది. ప్లగ్గు పెట్టారా అని అడిగే గొంతుతోనే, ఏ బరువూ లేకుండా, "మేడమ్, మీకు కనిపిస్తున్నాయా?" అని అడిగింది.

నేను ఏడ్చేశాను. అమ్మ పోయినప్పుడు నువ్వు చూశావే, అలా. మనిషిని పట్టుకుని కాదు, కుర్చీని పట్టుకుని.

ఇక నీకు వరసలో చెప్పాల్సినదాన్లో అసలు భాగం వచ్చింది. కొన్నేళ్ళుగా నాకు మసక వెలుతురులో చూపు ఆనడం లేదు. మొదట్లో ప్రొజెక్టర్ బల్బు పాతబడిందనుకున్నాను. ప్రోగ్రామ్‌లో చుక్కల సైజు పెంచే మీట ఒకటుంది, దాన్ని కొంచెం పైకి జరిపాను. బాగా కనిపించాయి. మరుసటి ఏడు మళ్ళీ మసకేసింది, మళ్ళీ జరిపాను. అలా జరిపి జరిపి అది ఎక్కడికి చేరిందో ప్లగ్గమ్మ ఆ తర్వాత పాత కాపీ తెరిచి చూసి, "చివరికంటా తోసేశారే!" అని నోరు నొక్కుకుంది. గుమ్మటం నిండా చుక్కలు చొక్కా బొత్తాల్లా ఉండేవట. పిల్లలు ముచ్చటపడేవాళ్ళు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. నా ఆకాశం ఏడాదికేడాది లావెక్కుతుంటే, అదే సరైన ఆకాశమని నేను నమ్మాను. నిజం చెప్పాలంటే నమ్మలేదు, నమ్ముతున్నట్టు ఉండిపోయాను. బయట సాయంత్రమైతే వీధిలో గోడవారగా నడిచేదాన్ని. మెట్ల దగ్గర ఫోన్ మోగినట్టు ఆగి, ఎవరైనా దిగుతుంటే వాళ్ళ వెనక దిగేదాన్ని. మీ బావ బేకరీ పనికి పెందరాళే పడుకుంటారు కనుక ఆయనకి ఇవేవీ కంటపడలేదు. కంటపడకుండా చూసుకున్నాను.

ఆ సోమవారం పగలే ఇంటికెళ్ళి మీ బావతో చెప్పాను. ఆయన పెరటి గట్టు మీద కూర్చుని మోకాలికి వేడినీళ్ళ సంచి పెట్టుకుంటున్నారు.

"ఏమండీ, నాకు చీకట్లో కళ్ళు కనబడటం లేదు."

"చీకట్లో ఎవరికి కనబడతాయే?"

"అలా కాదు. మీకు కనబడేంత నాకు కనబడటం లేదు. చాలా రోజులైంది."

సంచిలో నీళ్ళు చల్లారిపోయాయి. తర్వాత, "అందుకా, సినిమా హాల్లో నా చెయ్యి అంత గట్టిగా పట్టుకునేదానివి" అన్నారు. సంచి పక్కన పెట్టి, "నేనింకా వేరేలా అనుకుని మురిసిపోయా" అన్నారు. ఇద్దరం నవ్వాం, తమ్ముడూ. "వేరేలా కూడానండీ" అన్నాను నేను. మర్నాడు ఆయన పిండి పని మానేసి నాతో ఆస్పత్రికి వచ్చారు.

కంటి డాక్టరు పెద్దావిడ. చుక్కల మందు వేసి, చీకటి గదిలో కూర్చోబెట్టి, ఒక యంత్రంలో గడ్డం ఆనించమంది. ఆ యంత్రం లోపలివైపు తెల్లగా, గుండ్రంగా, బోర్లించిన గిన్నెలా ఉంది. నాకు మా గది గుర్తొచ్చి నవ్వొచ్చింది. "నడిమి దీపాన్నే చూస్తూ ఉండండి. చుట్టుపక్కల ఎక్కడైనా చుక్క మెరిస్తే ఈ బటన్ నొక్కండి" అంది. సరేనని బటన్ పట్టుకుని ఎదురుచూశాను. ఏమీ మెరవలేదు. యంత్రం లోపల ఏదో టిక్ టిక్ మంటోంది. ఇంకా మొదలుపెట్టలేదేమోనని ఓపికగా కూర్చున్నాను. చివరికి ఉండబట్టలేక, "మొదలుపెడతారా డాక్టర్?" అని అడిగాను.

"మొదలై చాలాసేపైందమ్మా" అంది ఆవిడ.

ఆవిడ అంత మెత్తగా చెప్పకపోయినా నాకు అర్థమయ్యేది. వెనకటివాళ్ళు రేచీకటి అనేవాళ్ళే, అందులో ఇది వంశంలో వచ్చే రకమట. కంటి వెనకున్న పొర అంచులనుంచి మెల్లమెల్లగా సన్నగిల్లుతుంది. పగటి చూపు, ఎదురుగా ఉన్నదాన్ని చదివే చూపు చాలా కాలం నిలుస్తాయంది. పోయినదాన్ని తెచ్చే మందు తనకి తెలిసినంతలో ఇప్పటికి లేదు, కానీ చేయాల్సిన జాగ్రత్తలు ఉన్నాయి, ఏటా చూపించుకోవాలి అంది. తర్వాత కాగితం మీద రాస్తూ రాస్తూ తల ఎత్తకుండా, "మీ అమ్మానాన్నల్లో ఎవరికైనా సాయంత్రం పూట చూపు ఇబ్బంది ఉండేదా?" అని అడిగింది.

లేదండీ అనబోయాను. నోరు తెరిచాను కూడా.

నీకు గుర్తుందా, నాన్న ఎంత మంచి బోర్డులు రాసినా సాయంత్రం పని ఒప్పుకునేవాడు కాదు. రంగు తేడా కొడుతుందనేవాడు. మనిద్దర్నీ బడినుంచి తీసుకొస్తూ పొద్దు వాలగానే సైకిల్ దిగిపోయేవాడు. నువ్వు సైకిల్ సీటు మీద, నేను ముందు నడుస్తూ. నాన్న చెయ్యి నా భుజం మీద. "ఏం కనిపిస్తోందో చెప్పమ్మా" అనేవాడు. నేను చెప్పేదాన్ని. కుడివైపు గొయ్యి ఉంది నాన్నా, ఎదురుగా ఎవరో వస్తున్నారు నాన్నా. రోడ్డు బాగున్నచోట "పైన ఏమున్నాయి?" అనేవాడు. మూడు చుక్కలు వరసగా ఉన్నాయి, ఒకటి ఎర్రగా ఉంది, ఒకటి వణుకుతోంది అని చెబుతుంటే, "ఇంకా? ఇంకా?" అని ఆశగా అడిగేవాడు. నాకు చుక్కల పిచ్చి ఎవరు పట్టించారని విలేఖరులు అడిగినప్పుడల్లా మా నాన్న అని గర్వంగా చెప్పాను. ఆయన నాకు నేర్పుతున్నాడనే అనుకున్నాను. ఆయనకి కనబడక అడిగేవాడని ఆ డాక్టరు బల్ల ముందు కూర్చున్నాక తెలిసింది. అమ్మకి కూడా చెప్పి ఉండడు. నాకు ఆయన మీద కోపం రాలేదు. ఆ చెయ్యి ఎంత బరువుగా ఆనేదో మాత్రం భుజానికి గుర్తొచ్చింది.

బుధవారం పొద్దున ప్లగ్గమ్మ గుమ్మటం తలుపు దగ్గరే నిలబడి ఉంది. "పాత కాపీ సిద్ధంగా ఉంది మేడమ్. వెనక్కి మార్చమంటారా? లేకపోతే కొత్తదాంట్లోనే మీట చివరికి తోసేస్తాను. మీరేం చెబితే అది. ఎవరికీ చెప్పను."

దారంతా అదే ఆలోచించుకుంటూ వచ్చాను. ఆమె అమ్మో అన్న ఆ ఒక్క మాట నా చెవిలోంచి పోలేదు. ఇన్నేళ్ళుగా నా గుమ్మటంలోకి వచ్చి, వెనక్కి వాలి, బొత్తాలు చూసి వెళ్ళిపోయినవాళ్ళందరూ ఆ అమ్మో అనకుండానే పోయారు. "కొత్తదే ఉంచు. పైన చుక్కలు ఎంత ఉండాలో అంతే ఉండనీ" అన్నాను. ఆమె ఊరుకోలేదు. పైన కప్పు మీద ఉన్న ఆకాశమే నా బల్ల మీది చిన్న తెరలో లావు అక్షరాలతో, పేర్లతో కనిపించేలా అమర్చింది. పాతదాంట్లో ఆ వీలు లేదట. డైరెక్టర్‌గారికి నేనే వెళ్ళి చెప్పాను. ఆయన కిటికీలోంచి బయటకి చూస్తూ, "గొంతుకి ఏమీ కాలేదు కదా?" అన్నారు. అదే ఆయన జవాబు.

ఆ మధ్యాహ్నం మొదటి ఆట. వయసు మళ్ళినవాళ్ళ సంఘం ఒకటి బస్సులో వచ్చింది. చేతికర్రలు, దగ్గులు, బిస్కెట్ల పొట్లాలు. నేను సాయంత్రాన్ని దించాను. ఎప్పుడూ వినిపించే ఆ ఒక్క ఊపిరి ఈసారి గదంతా కలిసి పీల్చినట్టు వినిపించింది. నేను పేర్లు చెప్పడం మొదలుపెట్టాను. కాసేపటికి చీకట్లోంచి ఒకావిడ, "అమ్మాయ్, ఆ మూల ఏంటది, పొగమచ్చలా ఉంది?" అంది.

పాత ఆకాశంలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. నేను అక్కడున్నదేదో గబగబా ఊహించి చెప్పేయొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ, "నాకు మసక చుక్కలు కనబడవండీ. ఎటువైపో, దగ్గర్లో పెద్ద చుక్కలేమున్నాయో కాస్త చెబుతారా?" అన్నాను మైకులో.

వెంటనే నాలుగు మూలలనుంచీ గొంతులు లేచాయి. "తలుపు వైపు, తలుపు వైపు." "కాదండీ, ఇంకా పైకి." "చదరంగా నాలుగున్నాయి చూడమ్మా, దాని పక్కన రెండు వరసగా." "పక్కన కాదు, కొంచెం ఎడమకి, జానెడు." ఒకాయన దగ్గుతూనే దారి చెప్పాడు. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచినా ఒకటే కదా. వాళ్ళు చెబుతూ ఉంటే ఆ ఆకాశమంతా నా లోపల ఒక్కొక్క దీపంగా వెలుగుతూ వచ్చింది. అది ఏమిటో తెలిసింది. "అది పొగ కాదండీ. మన పాలపుంతకి బయట ఉన్న ఇంకో పెద్ద చుక్కల గుంపు. అక్కడినుంచి బయల్దేరిన వెలుగు ఇప్పుడు మీ కంట్లో పడుతోంది" అన్నాను. ఆ గదిలో తర్వాత ఎవరూ దగ్గలేదు. నీళ్ళ అడుగున కూర్చున్నట్టు, ఎవరో నన్ను తేల్చి పట్టుకున్నట్టు ఉంది. అలాంటి ఆట నా జీవితంలో నేను ఆడలేదు.

ఇదీ నా సంగతి. ఇందులో నీకు బెంగ పడాల్సింది ఏమీ లేదు. ఈయన రోజూ సాయంత్రం నన్ను తీసుకెళ్ళడానికి కుంటుకుంటూ వస్తున్నారు. కళ్ళు లేని నేనూ కాళ్ళు లేని ఆయనా కలిసి ఒక మనిషిగా ఇంటికి చేరుతున్నాం. స్టూలు సంగతి మాత్రం ఇంకా తేలలేదు.

ఇప్పుడు నీ సంగతి. నీ ఉత్తరంలో చివర, సంతకానికి పైన, ఇరుకులో ఒక మాట రాశావు. "ఈమధ్య పొద్దుగుంకాక ఎదుటి బండి లైటు పడితే, అది దాటిపోయాక రోడ్డు మళ్ళీ కనబడటానికి చాలాసేపు పడుతోంది అక్కా. ముందు అద్దం పాతబడింది, మార్పించాలి" అని. నేను ఆ మాట ఎన్నిసార్లు చదివానో చెప్పను. నువ్వు అద్దం అన్నావు. నేను బల్బు అన్నాను. నాన్న రంగు అన్నాడు.

అద్దమే కావచ్చు, నాయనా. ఇది ఇంట్లో అందరికీ రావాలని లేదు, రాకూడదనీ లేదు అని డాక్టరు చెప్పింది. చూపించుకుంటేనే తెలుస్తుంది. ఏమని తేలుతుందోనని నీకు భయం ఉంటుందని నాకు తెలుసు. రాత్రి ప్రయాణం నీ బతుకు. ఆ ఖాళీ రోడ్డు మీద ఒక్కడివే పాటలు పాడుకుంటూ పోవడం నీకెంత ఇష్టమో, అది వద్దంటే నీ దగ్గర్నుంచి ఏం లాక్కున్నట్టో ఎవరికి తెలియకపోయినా నాకు తెలుసు. అందుకే ఫోన్‌లో చెప్పలేకపోయాను. కానీ నీ ముందు రోడ్డు ఉంటుంది, రోడ్డు మీద మనుషులుంటారు. నాకున్న మీటలాంటిది నీకు లేదు.

ఆవిడ దగ్గర వచ్చే శుక్రవారం పొద్దున నీకోసం సమయం తీసుకున్నాను. నిన్నడగకుండానే తీసుకున్నాను, కోప్పడు. నేను ఆస్పత్రి గుమ్మంలోనే ఉంటాను, లోపలికి నీతోపాటు వస్తాను, ఆ గిన్నెలో నువ్వు తల పెట్టినంతసేపూ నీ వెనకే నిలబడతాను. ఏం తేలినా మనింట్లో నీకో గది ఉంది, నీ చెప్పుల్లో పడుకునే ఆ పరాయి పిల్లి ఉంది. మీ కంపెనీవాళ్ళతో ఏం మాట్లాడాలో ఇద్దరం కూర్చుని మాట్లాడుకుందాం.

ఈ ఉత్తరం మీ డిపోలో నీ చేతికి ఇచ్చేసరికి నువ్వు బయల్దేరబోతూ ఉంటావు. ఇక్కడికి పగలే బయల్దేరు. వచ్చే దారిలో పొద్దు వాలడం కనిపించగానే, ఎంత చక్కని రోడ్డైనా సరే, బండి పక్కకి తీసి ఆపెయ్. లైట్లు వేయాల్సిన వేళ దాకా ఉండకు. అక్కడే పడుకుని, తెల్లగా తెల్లవారాక రా. నేనెంతసేపైనా ఎదురుచూస్తాను.

ఇట్లు,
నీ భుజం మీద చెయ్యి వేసి నడవాలని ఉన్న
అక్క